కృపమ్మ తెచ్చిన చలిమిడి

ఆ గోడమీది ఫోటోలో తెల్లచీరావిడా? భలే అడిగేవమ్మా యామినీ! ఆవిడ కృపమ్మ, మన ముక్తేశ్వరంలో గర్భిణీలందర్నీ చూసిన నర్సమ్మ. పోయి చాలా ఏళ్ళయిందిలే. నువ్వు ఈ వీధికి కోడలిగా వచ్చింది నిన్నగాక మొన్న, నీకెలా తెలుస్తుంది? ఇలా ఫ్యాను కిందకి జరుగు. ఇంత ఉక్కలో పైట చేతిమీద అలా కప్పుకు కూచున్నావేంటి, ఉత్తిమనిషివి కూడా కాదు! సరే, నీ ఇష్టం. మా కోడలు భవాని మజ్జిగ తెస్తుందిలే. ఏంటి చెప్తున్నానూ? ఆఁ, కృపమ్మ.

మా ఎదురింట్లో, అదే ఇప్పుడు మందుల షాపున్న చోట, కాంతం అని ఒకావిడ ఉండేది. ఆవిడ కొడుకు నాగబాబు. వాడి పెళ్ళాం మాధురి, మలికిపురం వైపు పిల్ల. తండ్రి లేడు, తల్లేమో కువైట్‌లో ఎవరింట్లోనో వంట చేసేది. మాధురికి నెల తప్పిన దగ్గర్నించీ వీడి చెయ్యి ఊరుకునేది కాదు. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినబడేది. పొద్దున్నే అడిగితే, "ఏం లేదత్తా, నూతి దగ్గర జారేను" అనేది. అస్తమానూ అక్కడే జారుతుందా మనిషి, నువ్వే చెప్పు!

ఆసుపత్రిలో పరీక్షలకి మాత్రం పెళ్ళాన్ని ఒక్కదాన్నీ పంపేవాడు కాదు. "ఎంత ప్రేమో, వదలకుండా పక్కనే ఉంటాడు" అని అందరూ మురిసిపోయేవారు. కృపమ్మ మురవలేదు. ఆవిడ ఆ పిల్లనడిగితే వీడు జవాబు చెప్పేవాడు. "అన్నం తింటున్నావా అమ్మా?" "తింటందండి." "నిద్ర పడుతోందా?" "పడతందండి." అప్పుడీవిడ ఓ చిన్న సీసా మాధురి చేతిలో పెట్టి, "మూత్రం పరీక్ష, వెనక్కి రా" అంది. వీడూ లేచేడు. "నువ్వెక్కడికి నాయనా? నీక్కూడా నెల తప్పిందా?" అంది! బెంచీలమీదున్న ఆడాళ్ళంతా ఘొల్లున నవ్వితే దెబ్బకి కూలబడ్డాడు.

బాత్రూం దగ్గర "కొడుతున్నాడా అమ్మా?" అనడిగితే ఆ పిల్ల మొదట ఆ నూతి కథే చెప్పిందంట. ఇదంతా తరవాత మాధురే చెప్పిందిలే నాకు. కృపమ్మ గద్దించలేదు. "సరే తల్లీ, వచ్చినప్పుడల్లా అడుగుతాను, చెప్పాలనిపించినప్పుడే చెప్పు" అందంట. అలాగే అడుగుతూ వచ్చింది. శ్రీమంతమైంది. ఆ తరవాత పరీక్షకి, చేతుల్నిండా గాజులుండాల్సిన పిల్ల ఓ చెయ్యి బోసిగా వచ్చింది. ఆ వేళ చెప్పేసింది, కడుపుమీద తన్నేడని. నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది! కృపమ్మ డాక్టరుగారిచేత స్కానింగు చేయించి, బిడ్డ బాగుందని చెప్పి, "పోలీసులకి చెబుదామా?" అంది. "వద్దండి, చంపేస్తాడు." "మరెక్కడుంటే భయం లేకుండా పడుకుంటావు?" "పుట్టింట్లోనండి. కానీ అడిగితే, నీకు చలిమిడి తెచ్చే దిక్కెవరే అంటాడండి."

ఆ ముక్క పట్టుకుంది చూడూ! ఆ సాయంత్రమే మా గుమ్మంలో. "వీరవేణిగారూ, నాకు కేకులొచ్చుగానీ చలిమిడి పాకం కుదరదండి. మీరు చేసిపెడతారా?" ఎందుకో చెప్పింది. నేను ఎగిరి గంతేసేను! ఏడో నెల్లో పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి, ఒళ్ళో పెట్టి, పిల్లని తీసుకెళ్తామంటే మనలో ఏ అత్తగారు కాదంటుందమ్మా? కడుపు చలవకి తెచ్చింది వెనక్కి పంపితే ఊరు ఊరుకుంటుందా? బియ్యం నానబోసేను, పిండి కొట్టేను, నెయ్యీ కొబ్బరిముక్కలూ దండిగా పడ్డాయి.

మర్నాడు పొద్దున్న చూడాలమ్మా వీధి! ముందు చర్చి బ్యాండు సాలమోను డ్రమ్ము వాయిస్తున్నాడు, వెనక కృపమ్మ పట్టుచీర కట్టి పళ్ళెం పట్టుకుంది, ఆవిడ వెనక మేమందరం. మా ఆడపడుచు కనకమహాలక్ష్మయితే పాటెత్తుకుంది, ఒక్క చరణమే వచ్చు దానికి, అదే పాడింది. నాగబాబు లుంగీతో గుమ్మానికడ్డం నిలబడి, "ఈవిడెవరు మా ఆవిడికి?" అన్నాడు. "పెద్దమ్మని బాబూ." "ఎప్పట్నించి?" "ఈ పొద్దున్నించేనండి, ఆయ్!" వాడు పళ్ళెం మీద చెయ్యెత్తబోతే కాంతం గుండెలు బాదుకుంది. "ఒరే, చలిమిడిరా అది!" అని కొడుకుని ఆవిడే పక్కకి లాగేసింది. అలా నడిచొచ్చేసిందమ్మా మాధురి, అందరి మధ్యనించీ.

పురుడొచ్చేదాకా మాధురి కృపమ్మగారి క్వార్టర్సులోనే ఉంది. ఆసుపత్రిలో ఆడపిల్లని కంది, బంగారంలాంటి పిల్ల. నాగబాబు వచ్చినప్పుడల్లా కృపమ్మ వాడి ఎదురుగానే, "వెళ్తావా అమ్మా?" అనడిగేది. "వెళ్ళనండి" అనేది. అంతే, తలుపేసేది. మాధురికిప్పుడు అమలాపురంలో సొంత టైలరింగు షాపు. కృపమ్మ పోయిన రోజు కన్నకూతురు కన్నా ఎక్కువ ఏడ్చింది. ఇప్పుడంటే ఇలాంటి కష్టాల్లో ఉన్న ఆడాళ్ళకి నూట ఎనభై ఒకటని ఫోనుంది, మన ఆసుపత్రిలో ఆ నర్సు పిల్ల కూడా మంచిదే, అడుగుతుంది. అడిగినప్పుడు చెప్పాలి కదమ్మా.

అదేంటి, నవ్వుతావనుకుంటే కళ్ళొత్తుకుంటున్నావు? ఏదీ, ఇలా... ఆ చేతికి గాజులేవీ? శ్రీమంతంనాడు నేనే కదా తొడిగేను, యామినీ.

చెప్పక్కర్లేదులే. నీకు చెప్పాలనిపించినప్పుడే వింటాను. మజ్జిగ తాగు.

ఒసే భవానీ! కాసిని బియ్యం నానబొయ్యి. ఎందుకేంటే? ఊరికే. నానితే నష్టమేం లేదు.