మొదటి కుదురు

రావమ్మగారి మోకాళ్ళ నొప్పులు తగ్గడానికి వారం పట్టింది గాని, ఆ వారంలో ఆవిడ నోటికి మాత్రం ఒక్క పూట సెలవు లేదు. బెజవాడలో వాళ్ళ మేడ మీద గుడ్డ సంచుల్లో పన్నెండు వంగ మొక్కలున్నాయి. పక్కనే ఆటోనగర్‌లో సగానికి కోయించి తెచ్చిన నూనె డ్రమ్ములున్నాయి. మొక్కల్ని డ్రమ్ముల్లోకి మార్చడానికి గుణదల నుంచి అమలమ్మ వచ్చింది. కోడలు రామతులసి మట్టి మోస్తోంది. రావమ్మగారు పైకొచ్చీ రాగానే మొదలుపెట్టారు.

“చూశావా? చూశావా అమలమ్మా? తూర్పు పిట్టగోడ కింద ఆరూ నావి. ఎట్లా ఉన్నాయో చూడు, పెళ్ళికొడుకుల్లా! పడమటివైపు ఆరూ మా కోడలివి. వాటిని చూస్తే ఏడుపొస్తోంది.”

“ఆకుల అంచులు మాడినయ్యండీ.”

“మాడక ఏం చేస్తాయి? ఆ చెయ్యి తగిలాక ఏది బతికింది గనక! తులసీ, అట్లా గుడ్లప్పగించి చూడకపోతే డ్రమ్ములో మట్టి పొయ్యి.”

“పోశానత్తయ్యా.”

“అది పొయ్యడమా? తద్దినం నాడు నువ్వులు చల్లినట్టుంది. సగానికి పొయ్యి. అడుగున కంకర వేశావా?”

“వేశానత్తయ్యా.”

“పోశానత్తయ్యా, వేశానత్తయ్యా! ఇంకో మాట రాదు.”

“ఊరుకోండమ్మగారూ. కోడలమ్మగారి చేతికేం వచ్చిందండీ, బంగారంలాంటి చెయ్యి.”

“బంగారమా! నీకు తెలీదులే. పోయినేడు గన్నవరం పొలంలో ఊడ్పులకి మొదటి కుదురు ఈవిడగారి చేత నాటించాం. కొత్త కోడలు, లక్ష్మీదేవి అనుకున్నాం. ఏమైంది? దోమ పడి నాలుగెకరాలూ మాడి మసైపోయింది. గొడ్లు కూడా ఆ గడ్డి ముట్టలేదు.”

“దోమ ఆ ఏడు అందరి చేలల్లోనూ పడిందంటగా అండీ.”

“అందరి గొడవా నాకెందుకు? నా చేలో ఎందుకు పడాలి? అందుకే ఈసారి పందెం వేశా. తలా ఆరు మొక్కలు పెడదాం, ఎవరి హస్తవాసి ఎట్లాంటిదో అవే చెబుతాయి అన్నా. నీవి బాగా వస్తే మొదటి కుదురు మళ్ళీ నువ్వే నాటు, లేదంటే మా పద్మావతిని పిలిపిస్తా అన్నా. నా కడుపున పుట్టిన పిల్ల, దాని చెయ్యంటే నా చెయ్యే. ఇదిగో, తేలిపోయింది.”

“మీవాటికి ఎరువేం వేశారండీ?”

“ఎరువా! చేపలు కడిగిన నీళ్ళు. రెండు వారాలు పొలుసులతో సహా మోసుకొచ్చి పోశా. మోకాళ్ళు పట్టేసి ఈ వారం ఎక్కలేదు గాని. దానివాటికి ఒక్క చుక్క పొయ్యనివ్వలేదు. పందెమంటే పందెమే.”

“చేపలు ఉప్పేసే కడుగుతారు కదండీ మీరు?”

“రాళ్ళుప్పేసి రుద్దకపోతే నీచు పోతుందా? నాకు చేపలు కడగడం నేర్పుతావా?”

“అబ్బెబ్బే, అడిగానంతేనండీ.”

“ముందు నా సంచులు కొయ్యి. మట్టిగడ్డ విడిందో, నీకు కాఫీ లేదు.”

“పాతికేళ్ళ నుంచీ చేస్తున్నానండీ. ఇదిగో... వేళ్ళు చూడండి, తెల్లగా, గుడ్డలోంచి పొడుచుకొచ్చినయ్.”

“మరేమనుకున్నావ్! హస్తవాసంటే అదీ. చూడవే తులసీ, చూసి నేర్చుకో.”

“చూస్తున్నానత్తయ్యా. బాగున్నాయి.”

“ఆ మాట అనడానికి ఎంత కుళ్ళుకుంటోందో!”

“అమ్మగారూ, ఈ మట్టిలో పొలుసులు లేవేంటండీ?”

“కరిగిపోయుంటాయి.”

“చేప పొలుసు మూడు వారాలకి కరగదండీ. ఇంకోటి కోస్తున్నా... ఇందులోనూ లేవు.”

“మొక్క తినేసుంటుంది. నీకెందుకు, నాటు.”

“ఒక్క నిమిషం ఉండండి. పడమటిది ఒకటి కోసి చూస్తా.”

“దాన్నెందుకు కొయ్యడం? పెంటలో పారెయ్.”

“కోసేశానండీ. మరియతల్లీ! అమ్మగారూ, ఇటు వంగి చూడండి.”

“నా కళ్ళజోడు కింద ఉంది.”

“కళ్ళజోడెందుకండీ, వాసన చూస్తే చాలు.”

“ఛీ ఛీ! తియ్ అవతలికి!”

“దోసెడు పొలుసులున్నయ్యండీ. పైనంతా ఉప్పు తెల్లగా పేరుకుంది. ఇవండీ మీ మొక్కలు.”

“నోర్ముయ్. నావి తూర్పుకి పెట్టా. నా ఈ చేత్తో పెట్టా!”

“తులసమ్మగారూ, పిట్టగోడకి ఈ సున్నం ఎప్పుడు వేయించారండీ?”

“మంగళవారం. సున్నం వేసేవాళ్ళు సంచులన్నీ మెట్ల మీద పెట్టి, అయ్యాక మళ్ళీ వాళ్ళే సర్దారు. అటువి ఇటు పెట్టారు.”

“నీకు తెలుసా? తెలిసీ నోరు మూసుక్కూర్చున్నావా?”

“మీరు పైకొచ్చినప్పట్నుంచీ సందిస్తేగా అత్తయ్యా.”

“ఆహా, మాటలొచ్చాయే! అసలీ సంచులు కుట్టిందెవరు? నువ్వే కదూ! నావాటికి మందం గుడ్డ కుట్టుంటావు, వేళ్ళకి గాలాడకుండా!”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుందండీ.”

“ఏమిటే గొణుగుతున్నావు?”

“ఏం లేదండీ. సంచులన్నీ ఒకే పాత పంచె చింపి కుట్టినవి అంటున్నా.”

“అయితే నా చెయ్యి చెడ్డదంటావా?”

“చెయ్యి కాదండీ. ఉప్పు.”

“అమలమ్మా, నువ్వు మొక్కలు మార్చడానికొచ్చావా, తీర్పులు చెప్పడానికొచ్చావా?”

“మొక్కలకేనండీ.”

“అయితే ఆ పని చూడు. వంగ వేరు, వరి వేరు. వంకాయల్ని చూసి పొలం సంగతి తేలుస్తారా ఎక్కడన్నా?”

“పందెం వేసింది మీరేగా అండీ.”

“వేశాను, తీసేశాను! నాలుగెకరాలు పోయిన మాట అబద్ధమా? ఆ చెయ్యి మళ్ళీ నా చేలో పడనివ్వను, అంతే. తులసీ, కిందికెళ్ళి కార్డు, కలం పట్రా. పద్మావతికి జాబు రాయి.”

“తెచ్చానత్తయ్యా. చెప్పండి.”

“‘చిరంజీవి పద్మావతికి. ఆదివారం ఊడ్పులు. మీ ఆయనతో చెప్పి శనివారానికల్లా రా. నీది మంచి చెయ్యి. మొదటి కుదురు నువ్వే నాటాలి.’ రాశావా?”

“రాశానత్తయ్యా. ‘మొదటి కుదురు ఈసారి కూడా నువ్వే నాటాలి’ అని రాశాను.”

“‘ఈసారి కూడా’ ఏమిటే? కొట్టెయ్.”

“కొట్టెయ్యనత్తయ్యా. ఏడాది నుంచీ పడుతున్నాను, ఇక పడను. పోయినేడు గట్టు మీదికెళ్ళాక నేను బయట చేరాను, ఇక నారు ముట్టకూడదాయె. మామయ్యగారు తూము దగ్గరున్నారు, మీరు ఇంట్లో పరమాన్నం వండుతున్నారు. నేను ఏడుస్తుంటే వదినే నా చేతిలో నారు కట్ట లాక్కుంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. ఆ నాలుగెకరాల్లో మొదటి కుదురు నాటింది మీ పద్మావతేనత్తయ్యా.”