మడ్డి పట్టిన జాలి

గోదావరిఖని మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మధ్యాహ్నం. బానెట్ లేపిన పెట్రోలు కారుకు అటు మెకానిక్ రాయమల్లు, ఇటు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపే జైపాల్.

"రిపేరు చెయ్యకు రాయమల్లన్నా. కారు మంచిగున్నదని ఒక్క మాట చెప్పు, చాలు. తీస్కపోత."

"చూడకుండనే చెప్పాల్నా?"

"చూసే చెప్పు. రేపు బాపు దినం. పదిమంది ముంగట మా బావను నిలబెట్టి అడుగుత. సుల్తానాబాద్ కాడ కారు గుంజలేదట. ఎంత తొక్కినా అరవై దాటలేదట. ఎనుక సీట్ల బాపు గుండెనొప్పితోని మూలుగుతుంటే ఎడ్లబండి తోలినట్టు తోలిండు."

"వీరేందర్ గట్లాంటి మనిషి కాదు తమ్మీ."

"నువ్వు గూడ గదే అంటవా? అర్ధగంట ముందొస్తే బతికేటోడని కరీంనగర్ల డాక్టరే అన్నడు. నేను డ్యూటీల ఉన్న. నా కారు తాళం బావకియ్యమని నేనే ఫోన్ల చెప్పిన. నేనే!"

"జమునేమంటున్నది?"

"అక్కనా? దినానికి బావ నా గడప తొక్కద్దన్న. ఆయన రాకుంటే నేను గూడ రాను అన్నది. రాకు అన్న."

"కన్నతండ్రి దినానికి బిడ్డ రాకుంటెట్ల?"

"కారు చూడన్నా."

"చూస్తున్న. ఫ్లెక్సీ కొట్టిచ్చినవా?"

"కొట్టిచ్చిన. బాపు నవ్వుకుంటున్న ఫోటో. పోయిన నెల ఇంటి ముంగట నేనే తీసిన."

"స్టార్ట్ చెయ్యి. రేసు ఇయ్యి. ఇంకా. ఇంకా ఇయ్యి."

"ఇస్తనే ఉన్న."

"మూడు వేల కాడ ఆగిపోతున్నది, చూసినవా?"

"తొమ్మిది రోజుల సంది మూలకున్నది. చల్లగున్నదేమో."

"మీటర్ల బల్బు వెలుగుతున్నది. గది గూడ చల్లగుండవట్టేనా? ఆగు, స్కానర్ పెడుత."

"బావనే ఏమన్న చేసిండేమో. బాపును దహనం చేసి వచ్చినంక నా పక్కకొచ్చి ఏమన్నడో తెలుసా? ఈ కారు మెకానిక్‌కు చూపెట్టకు, ఎంతకొస్తే అంతకు అమ్మెయ్ అన్నడు. తప్పు లేనోడు గట్లెందుకంటడు?"

"అన్నడా?"

"అన్నడు. గప్పుడే అనుమానం పడ్డది నాకు. అంగి గల్లా పట్టిన."

"ఇగో, లోపం చూపిస్తున్నది. గాలి లోపలికి పోయే వాల్వు సరిగ లేస్తలేదు. మెల్లగ పోతే అది జరంత లేస్తె చాలు. జోరుగ పోవాల్నంటే ఎక్కువ లేవాలె. లేవకుంటే ఇంజనుకు ఊపిరాడది."

"సెన్సార్ ఖరాబైనా గట్లనే చూపిస్తదటగ?"

"చూపిస్తది. గందుకే ఒక్కొక్కటి చూడాలె. వైర్ల కరెంటు వస్తున్నది. ఇగో ఇను, టిక్కుటిక్కుమంటున్నది, వాల్వుకు ఆయిల్ వదిలే కాయిల్ మంచిగనే ఉన్నది. లోపం పడ్డ గడియల కారు ఎట్ల నడిచిందో గూడ ఇండ్ల ఉంటది. నా అద్దాలు లేవు, నువ్వు చదువు."

"స్పీడు యాభై ఎనిమిది."

"యాక్సిలరేటర్?"

"తొంభై తొమ్మిది."

"శాతం అది. కాలు అడుగుకు ఆనింది."

"ఎప్పటిదో అయ్యుంటదన్నా."

"లోపం పడ్డంక కారు తొంభై కిలోమీటర్లు నడిచిందట, కింద చూడు. సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ పోయి, మర్ల ఖనికొస్తే గంతే గద? లోపం పడ్డది ఆడనే."

"మరి... గట్లైతే కారు చేసినోళ్ల తప్పు."

"ఆ వాల్వును లేపేది ఆయిల్ ఒత్తిడి. ఆయిల్ పోయే తొవ్వల జల్లెడ లెక్క చిన్న జాలి ఉంటది. విప్పుత, ఆగు. ఇగో."

"నల్లగ ఏంది గది?"

"మడ్డి. జాలంత మూసుకపోయింది. ఈ ఆయిల్ చూడు, ఎంత చిక్కగున్నదో. ఈ కారుకు పల్చటిది పొయ్యాలె. ఇది పెద్ద డీజిల్ బండ్లకు పోసేది. ఇంజన్ల ఏండ్ల సంది అంటుకున్న మడ్డినంత కడుక్కొచ్చి జాలిల పడేసింది."

"ఆయిల్ ఆయిలే కదన్నా."

"కాదు. ఇన్నేండ్లు సర్వీసు నేనే చేసిన. ఈసారి నువ్వు రాలే. ఎవరు మార్చిండ్రు?"

"టైం దొరకలే. వరుసగ డ్యూటీలు."

"ఎవరు మార్చిండ్రంటున్న."

"ఎవరైతేంది?"

"మీ బావనా? ఆయనే పోసిండంటే చెప్పు. రేపు పదిమందిల గదే చెప్పొచ్చు."

"చెప్పొచ్చా?"

"నిజమైతే చెప్పొచ్చు."

"వంద టన్నుల డంపర్‌ను గడ్డ ఎక్కిస్తదన్నా ఆ ఆయిలు. పన్నెండేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడు సతాయించలే. డంపర్‌ను గుంజేది కారును గుంజదా అనుకున్న. దుకాణంల గదే రకం డబ్బ కొన్న. ఇంటి ముంగటనే పోసిన. గరాటు పట్టుకున్నది బాపే."

"కూసో తమ్మీ. నీళ్లు తాగు."

"రేపు బావను నేనేమని అడగాలె?"

"ముందుగాల ఫోన్ చెయ్యి."

"ఇగో ఫోను. నువ్వే కలుపు. స్పీకర్ల పెట్టు."

"హలో, జైపాల్?"

"బావా. కారు చూపెట్టిన."

"చూపెట్టకన్న గదరా."

"నువ్వు తొక్కినవ్ బావా. అడుగు దాక తొక్కినవ్. ఆయిలు... నేను..."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"కరీంనగర్ల బాపు పోయినంక శవాన్ని అంబులెన్సుల పంపి మర్ల వస్తుంటే, కారు గుంజక పెద్దపల్లిల ఆపిన. ఆడి మెకానిక్ జాలి విప్పి చూపెట్టిండు. బాగు చేస్తే ఆయిల్ మార్చాలె, నీకు అనుమానమొస్తదని ఉన్నది ఉన్నట్టు బిగియ్యమన్న."

"గల్లా పట్టిన నాడన్న చెప్పొద్దా? నలుగురిల ఎన్ని మాటలన్న నిన్ను? ఎందుకు చెప్పలే బావా?"

"రేపటి ఫ్లెక్సీల ఫోటో మీ అక్క చూపెట్టింది. ఆయిల్ పోసిన నాడు బాపు గరాటు పట్టుకున్నదని నువ్వు మాకు పంపిన ఫోటోనే గదరా అది? గరాటు పట్టుకున్న చేతులు కత్తిరిచ్చి ముఖం ఒక్కటే పెట్టిచ్చినవ్. ఆ ముఖాన్ని నువ్వు జిందగీ అంత చూడాలె, గందుకే చెప్పలే."