కమలవేణి గారు ప్లగ్గు పీకిన రోజు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా కళాశాల ప్రిన్సిపాల్ ఇంద్రాణి గారికి, ఈ ఎండలో ఏరియూరు నుంచీ అదియమాన్‌కోట్టై నుంచీ బస్సులెక్కి వచ్చిన పెద్దలకు, మా రేడియో స్టేషన్ మిత్రులకు, ముందు వరుసలో కొత్త చొక్కా వేసుకొని పెళ్లికొడుకు కంటే బెరుగ్గా కూర్చున్న పెరుమాళ్ అన్నకు, తన భర్త అయిన ఆయన పక్కనే కూర్చొని ‘త్వరగా ముగించు’ అన్నట్టు నన్నే చూస్తున్న కమలవేణి గారికి నా నమస్కారాలు. (నవ్వులు)

ఇంద్రాణి గారు తమిళంలో చక్కగా మాట్లాడి, “జయరామ గారూ, మీరు తెలుగులోనే మాట్లాడండి” అన్నారు. ఆవిడకు తెలుగు రాదు. పక్కన కూర్చున్న సుగన్య ఒక్కో మాటా చెవిలో తమిళంలో చెబుతోంది కాబట్టి, మీరందరూ నవ్విన కాసేపటికి ఆవిడ ఒక్కరే నవ్వుతారు. ఎవరూ కంగారు పడకండి. (నవ్వులు, కొంచెం ఆగి వేదిక మీద ఇంకో నవ్వు) చూశారా!

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న కమలవేణి గారు ఈ కళాశాల కంప్యూటర్ ల్యాబును ఇన్నేళ్లూ చూసుకున్నారు. కళాశాలలో రేడియో స్టేషన్ పెట్టిన నాటి నుంచి దాని కంప్యూటరు బాధ్యత కూడా ఆవిడదే. నేను వారానికోసారి అందులో ‘తెలుగు గంట’ కార్యక్రమం నడుపుతాను. నా గొంతును ఊళ్లో అందరూ ఎరుగుదురు. ఆవిడ గొంతు ఎవరూ ఎరుగరు. అందుకే ఈ రోజు ఆవిడ గురించి ఒక్క సంగతి, మొదటి తెలుగు గంట నాటి సంగతి, వివరంగా చెబుతాను. పెరుమాళ్ అన్నా, మీ పాత్రల కొట్టు తెరవడానికి ఆలస్యమైతే ఆ పాపం నాదే.

మన ఇళ్లలో తెలుగు, గడప దాటితే తమిళం. మనలో చాలామందికి తెలుగు చదవడం రాదు, కానీ వింటే ప్రాణం లేచొస్తుంది. అందుకే రేడియోలో ఒక గంట అడిగాం. స్టేషన్ కమిటీలో కొందరు “ఇంట్లో మాట్లాడుకునే భాషకు రేడియో ఎందుకు, ఎవరు వింటారు?” అన్నారు. ఇంద్రాణి గారే “ఒక్కసారి చేసి చూద్దాం, వినేవాళ్లు లేకపోతే ఆపేద్దాం” అని ఒప్పించారు. అంటే మాకు దొరికింది ఒకే ఒక్క సాయంత్రం.

ఆ సాయంత్రం పాడటానికి ఏరియూరు నుంచి మునివెంకటమ్మ గారు వచ్చారు. రాగులు విసిరేటప్పుడు ఆవిడా, ఆవిడ చెల్లెలు వెంకటలక్ష్మమ్మ గారూ చెరో చరణంగా పాడుకున్న పాట అది. అక్క అడుగుతుంది, చెల్లెలు జవాబు చెబుతుంది. ఇద్దరూ రావలసింది, కానీ చెల్లెలు కాలు విరిగి అదియమాన్‌కోట్టైలో మంచం మీద ఉన్నారు. అందుకని అక్క ఇక్కడి నుంచి పాడితే చెల్లెలు ఫోనులో బదులు పాడేలా ఏర్పాటు చేసుకున్నాం.

అంతా సిద్ధమయ్యాక, ప్రసారానికి కాస్త ముందు కరెంటు పోయింది. యూపీఎస్ ఒకసారి కూసి ఊరుకుంది. కరెంటు వెంటనే వచ్చింది, కంప్యూటరు లేచింది, తెర వెలిగింది. రేడియోలో మాత్రం బుస తప్ప ఏమీ లేదు.

“అక్కా, మెషీను లేసింది గదా, సద్దెందుకు రాలేదు?” అని అడిగాను.

“మెషీను లేసింది జయరామా, దాని అడ్రెసు మారిపోయింది. మేడమీద ట్రాన్స్‌మిటరు పాత అడ్రెసుకాడ ఎదురు చూస్తా ఉంది” అన్నారావిడ, కుర్చీ లాక్కుంటూ.

ఆవిడ తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పిన మాటే మీకు చెబుతాను. మా పాటలూ మాటలూ అన్నీ ఒకే ఒక లినక్స్ కంప్యూటరులోంచి నెట్‌వర్క్ తీగ మీదుగా మేడమీది ట్రాన్స్‌మిటరుకు వెళ్లాలి. ఆ కంప్యూటరు లేచిన ప్రతిసారీ రౌటర్ ఏ అడ్రసు ఇస్తే అది పుచ్చుకొనేలా మొదట్లో ఎవరో పెట్టి వెళ్లిపోయారు. అన్నాళ్లూ పాత అడ్రసే దొరికింది. ఆ రోజు రౌటర్ కూడా ఆరిపోయి లేచి, వేరేది ఇచ్చింది. అది చాలదన్నట్టు, ప్రసారం చేసే ప్రోగ్రాం నెట్‌వర్క్ రాకముందే తొందరపడి లేచి, దారి కనబడక ఆగిపోయింది. మా ఇంట్లో నేను లేచినట్టే. (నవ్వులు)

ఆవిడ సెట్టింగుల ఫైలు తెరిచి ఆ యంత్రానికి ఎప్పటికీ ఒకే అడ్రసు అని రాశారు. స్టార్టప్ ఫైలులో ముందు నెట్‌వర్క్ రావాలి, ఆ తర్వాతే ప్రసారం లేవాలి అని రాశారు. నేను వెనక నిలబడి గోళ్లు కొరుక్కుంటుంటే, మునివెంకటమ్మ గారు మైకు ముందు స్థిమితంగా కూర్చొని, “నిదానంగా చెయ్యి పాపా. పాట ఇన్నేండ్లు నా గొంతులోనే ఉండింది, ఇప్పుడు యాడికి పోతాది?” అన్నారు.

కమలవేణి గారు ప్రోగ్రాంను నడిపించారు. రేడియోలోంచి మా స్టేషన్ సంగీతం వినిపించింది. గదంతా చప్పట్లు. నేను మైకు దగ్గరికి పరుగెత్తబోతుంటే, ఆవిడ బల్ల కిందికి వంగి ప్లగ్గు పీకేశారు.

అవునండీ, పనిచేస్తున్న యంత్రానికి, తన చేత్తో!

“అయ్యో అక్కా, ఏం చేసినావు!” అని అరిచాను. తలుపు దగ్గర నిలబడిన ఇంద్రాణి గారు కూడా తమిళంలో ఒక మాట అన్నారు. దాన్ని నేను అనువదించను. (నవ్వులు) సుగన్యా, ఇది మాత్రం ఆవిడకు చెప్పకమ్మా.

కమలవేణి గారు తల కూడా ఎత్తలేదు. “ఇప్పుడు నేను లేపితే లేసింది జయరామా. మీరు పాటలో ఉండంగా మళ్లీ పోతే? నేను ఇంట్లో ఉన్నప్పుడు పోతే? అది తానుగా లేయాల.”

ప్లగ్గు పెట్టారు. యంత్రం లేచింది. అడ్రసు సరిగ్గానే ఉంది. ప్రోగ్రాం మాత్రం లేవలేదు! ఆవిడ ముఖంలో, నమ్ముతారో లేదో, సంతోషం.

“చూసినావా? ఇప్పుడే తెలిసింది, మంచిదే గదా! నడువు అని చెప్పినాను గానీ, మెషీను లేసినప్పుడల్లా నడువు అని చెప్పలేదు.”

ఆ ఒక్క ఆజ్ఞా ఇచ్చి, మళ్లీ వంగి మళ్లీ పీకారు. ఈసారి అరవడానికి నాకు ఓపిక లేదు. ప్లగ్గు పెట్టి, కీబోర్డు మీద చెయ్యి వేయకుండా, చేతులు కట్టుకొని కూర్చున్నారు. మేమందరం ఆ నల్ల తెర మీద పాకే అక్షరాలనే చూశాం. అక్షరాలు ఆగాయి. రేడియో పలికింది. ఎవరూ ముట్టుకోకుండానే పలికింది. (చప్పట్లు)

“పో జయరామా, మాట్లాడుపో” అన్నారావిడ.

పరుగెత్తాను. మునివెంకటమ్మ గారు గొంతెత్తి, “కొండకవతల లేచె, అదియేమి పొగ చెల్లీ?” అని అడిగారు. నేను ఫోను మైకుకు ఆనించాను. అదియమాన్‌కోట్టై నుంచి వెంకటలక్ష్మమ్మ గారి గొంతు, “మనయన్న చేనిలో కంకి కాల్చిన పొగక్కా!” అని వచ్చింది. వెంటనే ఈలలు, ప్రతిధ్వనులు. ఆవిడ ఫోను పక్కనే రేడియో పెద్దగా పెట్టుకున్నారు. నేను “రేడియో తగ్గించు పెద్దమ్మా” అని మొత్తుకుంటే, ఆవిడ ఊరంతా వినేలా “తగ్గిస్తే మా యక్క ఎట్ల వినిపిస్తాది రా?” అన్నారు. (పెద్దగా నవ్వులు) రెండో వరుసలో ఇద్దరూ ఉన్నారు, అడగండి. పెద్దమ్మ ఇప్పుడు నా కంటే వేగంగా నడుస్తున్నారు.

ఆ పాట ముగిసేసరికి స్టేషన్ ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మా అమ్మ ఇలాగే పాడేదని ఒకరు, ఇంకోసారి పాడించమని ఒకరు, ఫోనులోనే ఏడ్చేసినవారు ఒకరు. ఇంద్రాణి గారు లోపలికి వచ్చి “వచ్చే వారం ఎవరు పాడుతున్నారు?” అని మాత్రం అడిగారు. ఆ గంట నేటికీ ఆగలేదు.

ఒకప్పుడు బస్సులో పక్కవాళ్లు వింటారని నా భార్యతో గొంతు తగ్గించి తెలుగు మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్లు “తెలుగు గంట జయరామ మీరేనా?” అని తెలుగులో పలకరిస్తారు. ఆ గౌరవమంతా నేనే మోసుకొని తిరుగుతున్నాను. అందులో పెద్ద వాటా ఎవరిదో నాకు తెలుసు.

అక్కా, ఒక మాట మీకు చెప్పకుండా దాచాం. చెబితే మీరు ఈ కుర్చీలో కూర్చోరు, యంత్రాల గదిలోకి వెళ్లిపోతారు. ఈ సభ మొదటి నుంచీ ప్రసారమవుతోంది. (కలకలం, చప్పట్లు) ఇప్పుడు పొలాల్లో, కొట్లలో, వంటిళ్లలో మన మాటలు వింటున్న అందరికీ చెబుతున్నాను. ఇన్నాళ్లూ మీరు వింటున్న తెలుగు గంటను నిలబెట్టిన మనిషి పేరు కమలవేణి. లేవండి అక్కా, మైకు దగ్గరికి రండి. ఒక్క మాట మాట్లాడండి, ఊరు మీ గొంతు వినాలి. పెరుమాళ్ అన్నా, కాస్త చెయ్యి ఇవ్వండి.

(చప్పట్లు ఆగడం లేదు) వస్తున్నారు! అధ్యక్షుల వారికీ, ఇంత ఓపికగా విన్న మీకందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మైకు ఇక ఆవిడది. నాకు సెలవు.