ఆదివారం మాత్ర

తుంటి విరిగిన అత్తగారు మంచం మీద ఉంది. యాభై ఎనిమిదేళ్ల కోడలు ఆమె కింద దుప్పటి సర్దుతోంది.

"నెమ్మదే! బస్తా దొర్లిస్తున్నావా?"

"రేపట్నించి ఆయా దొర్లిస్తుంది లెండి."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఇక లేచి నడవలేరన్నాడు. మంచమేనట."

"అది కాదు. మాత్ర సంగతి."

"ఏ మాత్ర?"

"ఏ మాత్రేమిటి! ఎముకలు గుల్లబారకుండా ఆదివారం ఆదివారం వేసేదానివే, అది. మూడేళ్లు మందు తిన్న ఎముక సుద్దముక్కలా ఎలా విరిగిందని అడగలేదూ?"

"అడిగాడు. వయసన్నాను."

"వాడి ముందేనా?"

"మీ అబ్బాయి అప్పుడు బయట ఫోన్లో ఉన్నారు."

"బతికిపోయావు."

"నేను బతికిపోవడమేమిటి అత్తయ్యా?"

"పరగడుపునే పెద్ద గ్లాసుడు నీళ్లతో మింగించి, అరగంట నడుం వాల్చనిచ్చేదానివి కాదు. లాగేస్తోందే అని మొత్తుకున్నా వినేదానివి కాదు."

"డాక్టరు చెప్పినట్టే చేశాను."

"వంటింట్లో నువ్వూ గ్లాసుడు నీళ్లు తాగి, అరగంట నిటారుగా నిలబడేదానివి. అదీ డాక్టరే చెప్పాడా?"

"ఇద్దరికీ రాశాడాయన. ముట్లాగి పదేళ్లయింది, మణికట్టు ఒకసారి విరిగింది, నీకూ తప్పదమ్మా అని మరీ రాశాడు. మీ అబ్బాయి ఒకరికి సరిపడా ఒక్క మాత్రల అట్టే తెచ్చారు. 'అమ్మకి చాలు, నీకేం, రాయిలా ఉన్నావు' అన్నారు. నెలనెలా అదే ఒక్క అట్ట."

"అందుకని మాత్ర నీకు, పిప్పరమెంటు నాకు."

"ఎప్పుడు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి ఆదివారమే. తియ్యటి మందు ఏ డాక్టరు ఇస్తాడే?"

"తెలిసి మూడేళ్లు ఊరుకున్నారా? ఎందుకు?"

"వాడికి చెబుతానని భయమా?"

"మీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పకండి. గడప దాటించేస్తారు నన్ను. ఈ వయసులో ఎక్కడికి పోను?"

"చెప్పను."

"అత్తయ్యా..."

"చెప్పనన్నానుగా. ఆయా వద్దని మాత్రం నువ్వే చెప్పు వాడికి."

"అమ్మో! రోజూ మిమ్మల్ని ఎత్తి దింపడం నా వల్ల..."

"అవుతుంది. ఎప్పటికైనా మంచాన పడేదాన్నే నేను. పడ్డాక ఎత్తేదాని ఎముకలు గట్టిగా ఉండొద్దూ? మరి ఎవరి కోసం మింగనిచ్చాననుకున్నావు? రా, ఎత్తు. పక్క తడిసింది."