పన్నెండు కుడి పాదాలు

నెగ్రోస్ దీవి, చెరకు తోటల ఊరు. పవిత్ర గురువారం సాయంత్రం, యేసు తన పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగిన రోజు. పూజలో ఫాదర్ పన్నెండుమంది కూలీల కాళ్ళు కడిగే వేళ. చర్చి గుమ్మంలో, అక్కడి పనులు చూసే తాసింగ్ ముందు ఎస్టేటు కాపలాదారు రోదెల్, భుజాన తుపాకీ, కళ్ళలో తొందర.

“...చర్చికొచ్చి చర్చలు పెట్టకు రోదెల్. నీళ్ళు చల్లారిపోతున్నాయి.”

“చర్చ లేదక్కా. ఒక్క పేరు చెప్పు, పోతాను.”

“ఎవరి పేరు?”

“నిన్న మిల్లు గేటు దగ్గర సమ్మెలో కాల్పులైనప్పుడు, కుడి పాదంలో తూటాతో పారిపోయినవాడి పేరు. మొహానికి గుడ్డ చుట్టుకున్నాడు.”

“చెరకు కొట్టేవాడు ఎవడు చుట్టుకోడు? అయినా కాల్పులైనప్పుడేంటి, వానలైనప్పుడు అన్నట్టు. వాటంతటవే అయ్యాయా?”

“ముందు రాళ్ళేసింది వాళ్ళు.”

“మీరేసినవి పూలా? బెనితో అన్నవాడి పేగులు లోపలికి తోసి గుడ్డ కట్టింది ఈ చేతులే. మూడు శవాల్ని తుడవగా మిగిలిన తువ్వాళ్ళే ఇవి, ఇవాళ కాళ్ళు తుడవడానికి.”

“అక్కా, వాడు నా పక్కనే ఉన్నాడు. ముందు ఎవరు పేల్చారో చూశాడు. పోలీసులకి చెప్పకముందే వాడు పోవాలి. లేకపోతే దొర నన్ను పంపేస్తాడు, పైకి.”

“అంటే ముందు పేల్చింది నువ్వే.”

“నేనలా అన్నానా?”

“అనలేదు. కాలు కాల్చావు, చాల్లేదు. ఇప్పుడు మనిషిని కాల్చాలి.”

“ఇంటింటికీ వెళ్ళి చెప్పులు విప్పించాం. మిగిలింది లోపల కూర్చున్న పన్నెండుమందే. జరుగు.”

“తుపాకీ బయట పెట్టి లోపలికి పో.”

“జరగమన్నానా... ఏయ్, అందరూ కుడి చెప్పు విప్పండి. నువ్వు, చివర కూర్చున్నవాడివి, ఆ కట్టేంటి? నువ్వేనా? లే.”

“వాణ్ణి లేపితే పక్కవాణ్ణీ లేపాలి.”

“వీడికీ కట్టే... వీడికీనా? అక్కా, అందరికీ కట్లేంటి? నెత్తురు కారుతోందేంటి?”

“చెరకు కత్తులు కదా, పదునుగానే ఉన్నాయి. మధ్యాహ్నం ఒకరి తర్వాత ఒకరు కోసుకున్నారు. ఒక్కడూ కేక వెయ్యలేదు. గుడ్డలు చాలక నా పావడా చింపాను.”

“పిచ్చా మీకు? తూటా గాయం ఏదో, కత్తి గాయం ఏదో నాకు తెలీదనుకున్నారా? కట్లు విప్పుతా.”

“విప్పు. ఆ మొదటి కుర్చీ నుంచి మొదలెట్టు, ఆ టోపీ దించుకున్న పెద్దాయన దగ్గర్నుంచి.”

“ఓ ముసలాయనా, కాలు ఇటు పెట్టు... ఇదేంటి, వేళ్ళేవి? రెండు వేళ్ళు తెగిపోయాయి... టోపీ తియ్యి. ...నాన్నా?”

“గట్టిగా లాగకురా. కట్టు అంటుకుపోయింది.”

“నువ్విక్కడేంటి నాన్నా? నువ్వు సమ్మెలో లేవుగా, నిన్న ఇంట్లోనే ఉన్నావుగా.”

“ఇంట్లోనే ఉన్నాన్రా, నీ జీతం కూడు తింటూ. అందుకే అందరికంటే లోతుగా కోసుకున్నాను.”