వీణ కచేరీ తరవాత ప్రసంగం

— హలో… ఆఁ, రేడియో స్టేషనేనండీ. డ్యూటీ ఆఫీసర్ని నేనే… చెప్పండి.

— వీణ కచేరీ బాగుందా? సంతోషమండీ… ఓహో, ఫిర్యాదు దాని తరవాతి సాహిత్య ప్రసంగం మీదా? అదింకా నడుస్తూనే ఉంది కదా, కాస్త పూర్తిగా వింటే… సరే సరే, వినొద్దులెండి.

— కావ్యాల్లో వర్ణనలు దండగన్నాడా?… అయ్యో, రిజిస్టర్లో "మూర్ఖుడు" అని రాయకూడదండీ. "శ్రోత విభేదించారు" అని రాస్తా.

— గొంతు కూడానా?… జలుబేమో పాపం. రెణ్ణెల్ల కిందట రికార్డు చేశాం.

— మళ్ళీ జన్మలో పిలవకూడదా!… పేరు మొదట్లోనే చెప్పాం కదండీ… ఓ, అప్పుడు కళ్ళజోడు వెతుక్కుంటున్నారా. ఉండండి, కాగితం చూసి చెప్తా. ఈలోగా మీ వివరాలు చెప్పండి.

— రిటైర్డ్ తెలుగు మాస్టారు… ఊఁ… లైబ్రరీ వెనక వీధి… పచ్చగేటు ఇల్లు…

— ఆఁ? ఈ కాగితంలోనూ అదే చిరునామా ఉందే!

— మాస్టారూ, ఒక్కమాట. రెణ్ణెల్ల కిందట మీరు మా స్టూడియోకి గానీ వచ్చారా?… జలుబుతోనా?

— మాస్టారూ, కాస్త కుర్చీలో కూర్చోండి… కూర్చున్నారా? ఆ మాట్లాడుతున్నది మీరేనండీ.

— హలో… హలో… మాస్టారూ?

— ఎవరూ, అమ్మగారా? నమస్కారమండీ. మాస్టారికెలా ఉంది?… రేడియోకి చెవి ఆనించి వింటున్నారా… మీకు మొదట్నించీ తెలుసా! మరి చెప్పలేదేం?… నలభై ఏళ్ళు మీరు విన్నారు, ఓ పావుగంట ఆయన్నీ విననివ్వాలనా!… నవ్వకండి, నాకూ నవ్వొస్తోంది… ఆ, ఇవ్వండి.

— మాస్టారూ, బాధపడకండి. ఫిర్యాదు కొట్టేస్తున్నా… కొట్టెయ్యొద్దా?… ప్రసంగంలో అన్నది తప్పేనంటారు. అంటే, అన్నది మీరు… ఆ, మీరు కాదు, ఆయన.

— జవాబు చెప్పాలా? ఎవరికి?… ఆయనకా. తప్పకుండా. వచ్చే గురువారం మూడింటికి రండి, స్టూడియో ఖాళీయే… ప్రసంగం కాదా? చర్చా? మీతోబాటు ఇంకెవరు?

— ఆయనా!… ఆయనంటే… అర్థమైందండీ, అర్థమైంది.

— సరే, రెండు కుర్చీలు వేయిస్తా… ఆఁ, మైకులూ రెండే… లేదండీ, ఎవరి మాటకీ ఎవరూ అడ్డురాకుండా నేను చూసుకుంటా. వార్తల టైమైంది, ఉంటా మాస్టారూ.