సామాన్ల గదికి రంగు

“అలా కాదే! రోలర్‌ని గరిటెలా పట్టుకున్నావేంటి? సీలింగ్‌కి పూస్తున్నావా, నీ నెత్తికి పూసుకుంటున్నావా?”

“అయితే మీరే రండి. నేను స్టూలు దిగుతాను.”

“నేనా? నాకు నడుం పట్టేస్తుంది. అయినా, దగ్గరుండి చెప్పేవాడు ఒకడుండాలిగా.”

“చెబుతూనే ఆ కాఫీ గ్లాసు అవతల పెట్టి స్టూలు పట్టుకోండి. ఊగుతోంది.”

“ఊగేది స్టూలు కాదు, నువ్వు. ఇంతకీ రంగులో అన్ని నీళ్లు కలిపావేం? పాలవాడి దగ్గర పని నేర్చుకున్నావా?”

“కొత్త ప్లాస్టరింగ్ అండీ. మొదటి పూత పల్చగానే వెయ్యాలి. చిక్కగా వేస్తే గోడ పట్టుకోదు, పొరలు పొరలుగా ఊడొస్తుంది. అసలిది ఇంకా ఆరనే లేదు. ఆ మూల చెయ్యి పెట్టి చూడండి, ఎంత చల్లగా ఉందో.”

“ఆరుతుందిలే. మీ అమ్మేమన్నా వచ్చి గోడ నాకుతుందా?”

“రేపే కదండీ ఆసుపత్రి నుంచి తెచ్చేది. తుంటికి ఆపరేషనైన మనిషి, పైగా ఆయాసం. ఈ చెమ్మలో ఎలా పడుకోబెట్టను?”

“రేపే తెమ్మని నిన్నెవరడిగారు?”

“డాక్టరు పంపించేస్తున్నాడు. మేస్త్రీని పోయిన నెలే పిలవండి మహాప్రభో అన్నాను. పిలిచారా?”

“మళ్లీ మొదలెట్టావూ! ఈ గది ఖాళీ చేయించానా లేదా? నా పాత సైకిలు కూడా బయట పడేయించాను, మీ అమ్మ కోసం. ఆ మాట మీవాళ్లలో ఒక్కరికైనా చెప్పావా?”

“చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు.”

“వెటకారమా?”

“కాదండీ. కాస్త జరగండి, చుక్కలు పడతాయి.”

“అదే, నన్ను కాదని మా ఇంట్లో ఏ పనైనా... అబ్బా! చొక్కా మీద పడింది! కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే?”

“జరగమన్నానుగా.”

“ఇంక చాలు, దిగు. ఒక్క పూత చాలు. ఈ గది ఎవరొచ్చి చూస్తారు?”

“అమ్మ చూస్తుంది. పొద్దస్తమానం పడుకుని ఈ సీలింగే చూడాలి పాపం.”

“చూసిందిలే! జన్మంతా బడిలో గంట కొట్టిన మనిషి. ఆవిడకి మెరిసే గోడలొకటి తక్కువయ్యాయి.”

“ఆ గంట కొట్టే నన్ను చదివించింది.”

“చదివి ఏం ఊడబొడిచావు? గోడకి రంగెయ్యడం కూడా రాదు.”

“ఏవండీ, ఒక్క మాట. కోప్పడకండి.”

“చెప్పి చావు.”

“బాత్రూం మన గదిలోనే ఉంది. రాత్రిళ్లు అమ్మ ఇక్కణ్ణుంచి లేచి, హాలంతా దాటి, కర్ర పట్టుకుని...”

“మన గది ఊసెత్తావంటే చూడు!”

“కాలు నిలదొక్కుకునేదాకానేనండీ.”

“కుదరదు. కుదరదంటే కుదరదు. నాకు ఆ గదిలో తప్ప నిద్ర పట్టదు. ఇక్కడేం తక్కువైంది? మంచం పడుతుంది. లైటుంది. కిటికీ ఉంది.”

“కిటికీ తెరిస్తే పక్కింటి గోడండీ.”

“ఆవిడ ఊరేగింపులు చూడాలా?”

“పోనీ, పైన ఫ్యానన్నా...”

“అటక మీద పాత టేబుల్ ఫ్యాను ఉందిగా. టకటకమంటే అననీలే, తిరుగుతుంది. మనిషన్నాక సర్దుకుపోవాలి.”

“మరి ఈ సిమెంటు వాసన?”

“రెండ్రోజుల్లో అలవాటవుతుంది. నీకన్నీ లేనిపోని చాదస్తాలు. నేనైతే ఈ గదిలో గుర్రుపెట్టి నిద్రపోతాను.”

“నిజంగానా?”

“నిజంగానే! ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?”

“గోడ ఆరకపోయినా ఫర్వాలేదా?”

“ఎన్నిసార్లు చెప్పాలే? ఏం ఫర్వాలేదు... ఇదేంటి, దిగిపోయావు? ఆ గోడ సగమేగా అయింది? రోలర్ కడిగేస్తున్నావేం?”

“అమ్మ కోసమైతే రెక్కలు పడిపోయేదాకా పూసేదాన్ని. మీకు ఇది చాలు. వెళ్లి మీ దిండూ దుప్పటీ తెచ్చుకోండి, రేపట్నుంచి ఆ గదిలో అమ్మా నేనూ పడుకుంటాం.”